ఆ స్వరం ఆరిపోయేదాకా ఆగండి: సీనియర్ గిటారిస్టుల సోలో కచేరీలు నిర్వహించేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కచేరీ నిర్వాహకులకు, టికెట్లు అమ్మే సంస్థల బాధ్యులకు, హాళ్ళ యాజమాన్యాలకు,

నమస్కారం. డెబ్బై దాటిన గిటారిస్టు వాయించడానికి సిద్ధంగా ఉన్నా, వేదిక కట్టేవాళ్ళు, లైట్లు పెట్టేవాళ్ళు, మైకులు సరిచూసేవాళ్ళు ఉంటేనే ఆయన మా దాకా వస్తారు. ఆ పని చేస్తున్నందుకు కృతజ్ఞతలు. ఇక అసలు సంగతికి వస్తాను.

ఇదే విషయం మీలో ఇద్దరికి ఇంగ్లీషులో రాశాను. ఒకరి దగ్గర నుంచి ‘మీ ఉత్తరం అందింది’ అని కంప్యూటర్ పంపిన జవాబు వచ్చింది. రెండోవారి దగ్గర నుంచి అదీ రాలేదు. మూడు నెలలు చూసి మళ్ళీ రాశాను. ఈసారి ఇద్దరూ పలకలేదు. అందుకని ఇప్పుడు నా భాషలో, నలుగురూ చదివేలా రాస్తున్నాను. బ్రిటన్‌లో ఉంటూ ఈ కచేరీలకు డబ్బు కూడబెట్టుకుని వెళ్ళే తెలుగువాళ్ళు నాకు తెలిసే పదిమంది ఉన్నారు. ఎవరిని కదిలించినా ఇవే ఇబ్బందులు చెబుతున్నారు. ఇంగ్లీషు ప్రతి ఎలాగూ మీ దగ్గరే ఉంది.

నాకు జరిగినవి రాసేటప్పుడు ఏ సంస్థ పేరూ, ఏ హాలు పేరూ ఎత్తను. ఒకరిని వేలెత్తి చూపిస్తే మిగతావాళ్ళు ‘మాకు సంబంధం లేదు’ అనుకుంటారు. ఇది మీ అందరికీ సంబంధించిన విషయం.

ముందు మేం ఎందుకు వస్తామో చెప్పనివ్వండి.

డేవిడ్ గిల్మర్‌నే తీసుకుంటాను. నేను ఎక్కువగా విన్నది ఆయన్నే. 1946లో కేంబ్రిడ్జ్‌లో పుట్టారు. 1967 చివర్లో పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండులో గిటారిస్టుగా చేరారు. వేగంగా వాయించే గిటారిస్టులు బోలెడుమంది ఉన్నారు. ఈయనది నిదానం. ఒక స్వరం మీటి, ఆ తీగను వేలితో పక్కకు నెడతారు. స్వరం మెల్లగా పైకెక్కుతుంది, అక్కడ కాసేపు నిలబడుతుంది, సన్నగా వణికి ఆరిపోతుంది. వీణ మీద గమకం విన్న చెవులకు ఇది పరాయిగా అనిపించదు. మా అన్నయ్యకూ నాకూ ఈ వాయిద్యం అంత తొందరగా దగ్గరవడానికి కారణం అదేనేమో అనుకుంటూ ఉంటాను. ఆ స్వరం ఆరిపోయాక, తర్వాతిది వచ్చేలోపు కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కూడా ఆయన వాయించేదే. ఇంట్లో రికార్డు పెట్టుకుంటే అది వినపడుతుంది. హాల్లో వినపడాలంటే కొన్ని వేలమంది ఒకేసారి ఊరుకోవాలి. అలా ఊరుకున్న క్షణం కోసమే మేం రైలెక్కి వస్తాం.

పెద్ద బ్యాండు కచేరీకీ, ఆ బ్యాండులోని గిటారిస్టు ఒంటరిగా చేసే కచేరీకీ తేడా కూడా అక్కడే ఉంది. బ్యాండు వచ్చినప్పుడు స్టేడియంలో జాతర ఉంటుంది, అది బాగుంటుంది, ఉండాలి కూడా. సోలో కచేరీలో మాత్రం ఒక మనిషి తన వయసుతో, తన జ్ఞాపకాలతో మన ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది. గిల్మర్ 2006 మార్చి 6న, తన 60వ పుట్టినరోజు నాడు, కొత్త ఆల్బమ్ విడుదల చేసి పర్యటనకు బయల్దేరారు. కీబోర్డు దగ్గర పింక్ ఫ్లాయిడ్ నాటి పాత సహచరుడు రిచర్డ్ రైట్ ఉన్నారు. ఆ ఆగస్టు 26న పోలండ్‌లోని గ్దాన్‌స్క్ ఓడల కార్ఖానాలో, సాలిడారిటీ అనే కార్మికుల ఉద్యమం పుట్టిన రోజుల జ్ఞాపకార్థం, ఆర్కెస్ట్రాతో కలిసి వాయించారు. ఆ రాత్రి ‘ఎకోస్’ కూడా వాయించారు. రికార్డులో 23 నిమిషాలకు పైగా సాగే పాట అది. గిటారూ కీబోర్డూ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టు ఉంటుంది. 2008 సెప్టెంబరు 15న రైట్ పోయారు. గ్దాన్‌స్క్ కచేరీ రికార్డు బయటికొచ్చింది సరిగ్గా వారం తర్వాత, 22న. అప్పటి నుంచి గిల్మర్ ఆ పాట జోలికి వెళ్ళలేదు. 2016 జులైలో ఇటలీలో, పాంపేయి శిథిలాల్లోని ఆంఫిథియేటర్‌లో రెండు రాత్రులు వాయించినప్పుడు కూడా అంతే. 1971లో పింక్ ఫ్లాయిడ్ అదే చోట, ప్రేక్షకులెవరూ లేకుండా, సినిమా కోసం వాయించిన పాటల్లో అదే ముఖ్యమైనది. అందరూ ఎదురుచూసిన పాట. ఆయన వాయించలేదు. నాకు అది ఎంతో గౌరవమైన పనిగా తోచింది. సోలో కచేరీకి వెళ్ళేవాడు ఇలాంటివి కూడా వినడానికే వెళ్తాడు: ఆయన ఏం వాయించారో, ఏం వాయించలేదో.

2024లో, 78 ఏళ్ళ వయసులో, ఎనిమిదేళ్ళ విరామం తర్వాత ఆయన మళ్ళీ వచ్చారు. రోమ్‌లో సర్కస్ మాక్సిమస్ మైదానంలో ఆరు రాత్రులు, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆరు రాత్రులు, ఆ తర్వాత లాస్ ఏంజెలిస్, న్యూయార్క్. లండన్‌లో ఒక రాత్రికి నాకు పై వరసలో సీటు దొరికింది. చిన్న బైనాక్యులర్స్ పట్టుకెళ్ళాను. కచేరీ మొదలైంది మాటల్లేని వాయిద్యంతో. అద్దాల్లోంచి ఆయన కుడిచెయ్యి కనిపించింది. స్వరాన్ని వణికించడానికి గిటార్‌కు ఉండే చిన్న ట్రెమొలో కడ్డీని వేళ్ళ మధ్యే పట్టుకుని, అదే చేత్తో తీగ మీటుతున్నారు. స్వరం చివర కడ్డీని అర అంగుళం కూడా కదిపి ఉండరు. పైన కూర్చున్న నాకు ఆ వణుకు స్పష్టంగా వినిపించింది. నా పక్కనున్న డెబ్బై ఏళ్ళ పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నారు. మేమిద్దరం కచేరీ అయ్యేదాకా ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. లేచేటప్పుడు ఆయన నా భుజం తట్టి వెళ్ళారు.

అదే రాత్రి ‘ఎ బోట్ లైస్ వెయిటింగ్’ పాడారు. రైట్ జ్ఞాపకార్థం చేసిన పాట అది. చాలా నెమ్మదిగా, గొంతులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు సాగుతుంది. అది మొదలవగానే మా ముందు వరసలో నలుగురు లేచి, మిగతావాళ్ళ మోకాళ్ళు దాటుకుంటూ బయటికి వెళ్ళారు. పాట అయ్యేలోపు గ్లాసులతో తిరిగొచ్చి, మళ్ళీ అందరినీ లేపారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. అది ఎవరి గురించిన పాటో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి గురించి వాళ్ళకు ఎవరో మరేదో చెప్పి టికెట్ అమ్మారు. ఈ లేఖ రాయాలని నాకు మొదట అనిపించింది అప్పుడే.

ఇప్పుడు మా ఇబ్బందులూ, మేం అడుగుతున్నవీ వరసగా రాస్తాను.

1. టికెట్ ధర ముందే చెప్పండి, చెప్పినదానికే అమ్మండి.

నిరుడు మరో సీనియర్ గిటారిస్టు సోలో కచేరీకి టికెట్లు కొనబోయాను. ఎవరిదో రాయను, తప్పు ఆయనది కాదు. అమ్మకం ఉదయం పది గంటలకు. తొమ్మిదిన్నరకే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను, పక్కన ఫోన్ కూడా తెరిచి పెట్టుకున్నాను. పది కొట్టగానే తెర మీద నా ముందు పదకొండు వేలమంది ఉన్నారని వచ్చింది. యాభై నిమిషాలు ఆ అంకె తగ్గడం చూస్తూ కూర్చున్నాను. నా వంతు వచ్చాక రెండు సీట్లు ఎంచుకున్నాను, ఒకటి నాకు, ఒకటి మా అన్నయ్యకు. కార్డు నంబరు కొడుతుండగా పేజీ ఆగిపోయి, మళ్ళీ మొదటికి వచ్చింది. అదే వరస, అవే సీట్లు. ధర మాత్రం ఇందాకటికి దాదాపు రెట్టింపు. కింద గడియారం వెనక్కి పరుగెడుతోంది: మూడు నిమిషాలు, రెండు నిమిషాల యాభై సెకన్లు. ఆ టెన్షన్‌లో చేతులు వణికాయి. రెండు టికెట్లకని పక్కన పెట్టుకున్న డబ్బు ఒక్క టికెట్‌కే అయిపోయింది.

నాకు ఈ సంగీతం పరిచయం చేసిందే మా అన్నయ్య. చదువుకునే రోజుల్లో ఎవరి దగ్గరో తెచ్చిన క్యాసెట్ తిప్పి తిప్పి వినిపించి, ఎక్కడ కీబోర్డు ఆగి గిటార్ అందుకుంటుందో వేలెత్తి చూపించేవాడు. ఆ టికెట్ వాడికే ఇవ్వబోయాను. “నువ్వెళ్ళి రారా, నాకెలాగూ మోకాళ్ళ నొప్పి, అన్ని మెట్లు ఎక్కలేను” అన్నాడు. ఆ పొద్దున వాడు మందులు వేసుకుని రైల్వే స్టేషన్‌కు మెట్లెక్కి వచ్చిన మనిషే.

వేలం అంటే ఏమిటో మాకు తెలుసు. 2019 జూన్‌లో గిల్మర్ తన గిటార్లను న్యూయార్క్‌లో వేలం వేశారు. 1970లో కొన్న నల్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ ఒక్కటే 39.75 లక్షల డాలర్లు పలికింది. మొత్తం మీద 2.1 కోట్ల డాలర్లకు పైగా వస్తే, అంతా పర్యావరణం కోసం కోర్టుల్లో పోరాడే క్లయింట్‌ఎర్త్ సంస్థకు ఇచ్చేశారు. అక్కడ చెయ్యెత్తిన ప్రతివాళ్ళకూ అది వేలమని తెలుసు, ఇష్టముండే పాడుకున్నారు. నేను టికెట్ కొనుక్కోవడానికి వచ్చాను. నా చేత వేలం పాట పాడించే హక్కు మీకు లేదు.

ఇది నా ఒక్కడి గోల కూడా కాదు. 2024లో ఒక పెద్ద బ్యాండు మళ్ళీ కలిసి చేస్తున్న కచేరీల టికెట్లు అమ్మినప్పుడు దేశమంతా ఇదే గొడవ. బ్రిటన్‌లో పోటీ, మార్కెట్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ సీఎంఏ విచారణ జరిపింది. చవక టికెట్లు అయిపోగానే అదే చోటుకు ఎక్కువ ధర టికెట్లు పెట్టారనీ, ఆ సంగతి వరసలో నిలబడ్డవాళ్ళకు ముందు చెప్పలేదనీ తేలింది. 2025లో ఆ టికెట్ సంస్థ, ఇకపై రెండు అంచెల ధరలుంటే 24 గంటల ముందే చెబుతామని మాట ఇచ్చింది. అమెరికాలో 2023లో ది క్యూర్ బ్యాండు నాయకుడు రాబర్ట్ స్మిత్, డిమాండును బట్టి ధర పెంచే పద్ధతి తమ కచేరీలకు వద్దని పట్టుబట్టారు. టికెట్ ధర కన్నా దాని మీద వేసిన ఫీజులే ఎక్కువయ్యాయని అభిమానులు మొత్తుకుంటే, కొంత వెనక్కి కూడా ఇప్పించారు. అంటే చేయదలుచుకుంటే చేయవచ్చు.

కాబట్టి మా కోరిక: ప్రతి వరసకూ ఎంతో, ఫీజులన్నీ కలిపి ఎంతో, అమ్మకానికి కనీసం రెండు రోజుల ముందు ప్రకటించండి. అమ్మకం మొదలయ్యాక ఆ అంకె మారకూడదు. సీటు ఎంచుకున్నాక డబ్బు కట్టడానికి కనీసం పది నిమిషాలు ఇవ్వండి. వరసలో నిలబడేవాళ్ళలో ఎక్కువమంది యాభై, అరవై ఏళ్ళు దాటినవాళ్ళు. కళ్ళజోడు వెతుక్కుని కార్డు వెనకాల అంకెలు చదవాలి వాళ్ళు.

2. టికెట్ వెనక్కి తీసుకోండి, అసలు ధరకే తిరిగి అమ్మండి.

ఐర్లాండ్ 2021లోనే, పెద్ద హాళ్ళ టికెట్లను అసలు ధరకు మించి తిరిగి అమ్మడాన్ని చట్టంతో ఆపేసింది. ఇటలీలో పెద్ద కచేరీలకు 2019 నుంచి టికెట్ మీద కొన్నవారి పేరు ఉండాలి. బ్రిటన్ ప్రభుత్వం కూడా అసలు ధరకు మించి అమ్మడాన్ని నిషేధిస్తామని 2025 నవంబరులో ప్రకటించింది. చట్టం అమల్లోకి వచ్చేదాకా మీరు ఆగనక్కర్లేదు. టికెట్ కొన్నవాళ్ళు రాలేకపోతే మీకే తిరిగి ఇచ్చే వీలు పెట్టండి, వరసలో తర్వాత ఉన్నవారికి అదే ధరకు ఇవ్వండి. ఈ వయసు ప్రేక్షకుల్లో చివరి నిమిషంలో జ్వరమో, ఆసుపత్రి అపాయింట్‌మెంటో వచ్చి ఆగిపోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళు డబ్బు పోగొట్టుకోకూడదు, వాళ్ళ సీటు బ్లాకు వ్యాపారి చేతిలో పడకూడదు.

3. ఏ కచేరీయో అదే అని ప్రకటించండి.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది ఇదే. మీకు చాలా తేలికగా తోచేది కూడా ఇదేనేమో.

సోలో కచేరీ పోస్టరు చూడండి. గిటారిస్టు పేరు ఎంత ఉంటుందో, ఆయన ఒకప్పుడు ఉన్న బ్యాండు పేరూ, ఆ బ్యాండు పాటల పేర్లూ చాలాసార్లు అంతే పెద్దగా ఉంటాయి. కొత్త ఆల్బమ్ పేరు అడుగున ఎక్కడో ఉంటుంది. అది చూసి టికెట్ కొన్నవారు పాత పాటల కోసం వస్తారు, అది వాళ్ళ తప్పు ఎలా అవుతుంది? తీరా కచేరీలో సగం కొత్త పాటలు. వాళ్ళకు విసుగు పుడుతుంది. పక్కవాళ్ళతో మాటల్లో పడతారు. పాటల మధ్య నుంచి పాత పాటల పేర్లు అరుస్తారు. వేదిక మీద ఉన్న మనిషి అది విని చిన్నగా నవ్వి తల ఊపుతారు. ఆ నవ్వు చూడటం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

గిల్మర్ 2024 కచేరీల్లో కొత్త ఆల్బమ్ దాదాపు మొత్తం వాయించారు. అందులో ఒక పాట ఆయన కూతురు రోమనీ పాడింది. 1990ల్లో మరొకరు చేసిన పాట అది. ఆమె హార్ప్ వాయిస్తూ పాడుతుంటే తండ్రి వెనక నిలబడి, చివర్లో సోలో అందుకుంటారు. ఏ పాట పేరు ఆల్బమ్‌కు పెట్టారో ఆ పాటకు పునాది 2007లో ఆయన ఇంటి దగ్గర పాకలో మిత్రులు కలిసి వాయించుకున్న వాయిద్యం. దానిలో కీబోర్డు రిచర్డ్ రైట్‌ది. ఆయన పోయిన 16 ఏళ్ళకు ఆ వేళ్ళు మళ్ళీ వినిపించాయి. ఈ నాలుగు ముక్కలు టికెట్ పేజీలో రాసి ఉంటే, లేచి బయటికి వెళ్ళేవాళ్ళలో సగం మంది కూర్చుని వినేవాళ్ళని నా నమ్మకం. తెలియని పాటను వినమంటే జనం వినరని మీరు అనుకుంటున్నారు. ఏం వింటున్నారో ఒక్క మాట చెబితే వింటారు.

మేం అడిగేది: పోస్టరు మీద కొత్త ఆల్బమ్ పేరు గిటారిస్టు పేరు పక్కనే, కనపడే అక్షరాల్లో వేయండి. కచేరీలో కొత్త పాటలు ఎంత వంతు ఉంటాయో, ఎంతసేపు సాగుతుందో, మధ్యలో విరామం ఉందో లేదో టికెట్ అమ్మే పేజీలోనే రాయండి. ఏ పాటలో చెప్పనక్కర్లేదు, ఆ ఆశ్చర్యం మాకూ కావాలి. విరామం ఉంటే బార్ ఆ విరామంలోనే తెరవండి. పాట నడుస్తుండగా బయటికి వెళ్ళినవారిని ఆ పాట అయ్యేదాకా తలుపు దగ్గర ఆపండి. నాటకశాలల్లో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే, మీ సిబ్బందికి కొత్తగా నేర్పించాల్సింది ఏమీ లేదు.

4. ఫోన్లకు ఒక సమయం పెట్టండి.

ఫోన్లు పూర్తిగా లాక్కోమని నేను అడగను. ఇంట్లో చిన్నపిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళుంటారు, ఒంట్లో బాగోలేని తల్లిదండ్రులను వదిలి వచ్చినవాళ్ళుంటారు. సంచుల్లో పెట్టి తాళం వేసే పద్ధతి కొందరు కళాకారులు పాటిస్తున్నారు, అది వాళ్ళ ఇష్టం. నాకు నచ్చింది మాత్రం కింగ్ క్రిమ్సన్ బ్యాండు కచేరీల్లో దాని గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ పెట్టిన పద్ధతి. కచేరీ అంతా ఫొటోలు వద్దు. చివర్లో బేస్ గిటార్ వాయించే టోనీ లెవిన్ తన కెమెరా పైకి తీసి జనాన్ని ఫొటో తీసేవారు. ఆయన కెమెరా కనపడగానే జనం కూడా తీసుకునేవారు. అంతవరకూ హాలంతా చీకటి, అందరి కళ్ళూ వేదిక మీదే. ఫొటో దొరికింది, సంగీతమూ దక్కింది.

ఇప్పుడు జరుగుతున్నది చెబుతాను. నిరుడు నేను అంత డబ్బు పోసి కొన్న సీటులోంచి, కచేరీలో అన్నిటికన్నా నెమ్మదైన సోలో అప్పుడు, వేదిక నాకు ముందున్నవారి ఫోన్ తెరలో చూడాల్సి వచ్చింది. ఆయన స్వరం ఒకటి పట్టుకుని నిలబెట్టారు. హాలు నిజంగానే నిశ్శబ్దమైంది. అప్పుడే ముందువారి ఫోన్ టార్చ్ పొరపాటున వెలిగింది. దాన్ని ఆపడానికి వాళ్ళు తడుముకుంటుంటే ఇంకొకరు నవ్వారు. ఆ స్వరం ఎప్పుడు ఆరిపోయిందో నాకు తెలియలేదు. దాని కోసం నేను నాలుగు నెలలు ఎదురుచూశాను.

చివరి రెండు పాటలకు, లేదా చివర కళాకారులంతా వచ్చి దణ్ణం పెట్టేటప్పుడు, ఫోన్లు తీయమనండి. మిగతా సమయంలో తీస్తే సిబ్బంది వచ్చి మెల్లగా చెప్పాలి. గోడ మీద ఒక బోర్డు తగిలిస్తే సరిపోదు.

5. సీటులోంచి ఏం కనపడుతుందో, అక్కడికి ఎన్ని మెట్లో చెప్పండి.

స్తంభం వెనక సీటును స్తంభం వెనక సీటు అని చెప్పి, ధర తగ్గించి అమ్మండి. ఆ సీటు నుంచి తీసిన ఫొటో పేజీలో పెట్టండి. మెట్లు ఎన్నో, లిఫ్ట్ ఎక్కడి దాకా వెళ్తుందో రాయండి. మా అన్నయ్యలాంటివాళ్ళు అది చూసి ముందే నిర్ణయించుకుంటారు. మోకాళ్ళ నొప్పి నిజమో, తమ్ముడి కోసం చెప్పిన మాటో మేం తర్వాత తేల్చుకుంటాం.

దీంతోపాటు ఇంకొకటి. నిలబడే చోట్లు తగ్గించి కూర్చునే చోట్లు పెంచండి. ఈ గిటారిస్టులను 1970ల నుంచి వింటున్నవారు మూడు గంటలు నిలబడలేరు. ‘వచ్చేసారి వెళ్దాంలే’ అనుకునే వీలు వాళ్ళకూ లేదు, వేదిక మీద ఉన్నవారికీ లేదు. గిటారిస్టు జెఫ్ బెక్ 2022 చివర్లో కూడా కచేరీలు చేస్తూనే ఉన్నారు. 2023 జనవరి 10న, 78 ఏళ్ళకు, ఉన్నట్టుండి పోయారు. ఆ శరదృతువులో టికెట్ ధర చూసి వెనక్కి తగ్గిన మిత్రుడు ఒకడు నాకున్నాడు. ఇప్పటికీ ఆ మాట వస్తే వాడు విషయం మార్చేస్తాడు.

6. చెవులు కాపాడండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ హాళ్ళకు ఒక ప్రమాణం ఇచ్చింది: 15 నిమిషాల సగటున శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదు, వచ్చినవారికి ఇయర్‌ప్లగ్‌లు అందుబాటులో ఉండాలి, కాసేపు చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్దమైన చోటు ఉండాలి. రాక్ గిటారిస్టుల్లో చెవిలో నిరంతరం హోరు పెట్టుకుని బతుకుతున్నవారు ఎంతమందో మీకు నాకన్నా బాగా తెలుసు. శబ్దం ఎంత పెంచితే అంత గొప్ప అనుకునే రోజులు కావివి. బేస్ మరీ పెంచితే ఆ సన్నటి వణుకు పై వరసకు చేరదు, అక్కడ కూర్చున్నవారు కూడా డబ్బు కట్టినవారే.

7. మా ఉత్తరాలకు మనిషి చేత జవాబు ఇప్పించండి.

ప్రతి పర్యటనకూ ఫిర్యాదులు చూసే ఒక మనిషి ఉండాలి. వారి ఈమెయిల్ టికెట్ మీదే అచ్చు వేయండి. పది పనిదినాల్లో జవాబు రావాలి. ‘కుదరదు’ అన్నా సరే, ఎందుకు కుదరదో చెబితే చాలు.

మీరు అనబోయేది నాకు తెలుసు. ధరలు కళాకారుడి మేనేజ్‌మెంట్ నిర్ణయిస్తుంది అని టికెట్ సంస్థ అంటుంది. టికెట్ సంస్థ పద్ధతులు మా చేతుల్లో లేవని నిర్వాహకులు అంటారు. హాలు మేం అద్దెకు మాత్రమే ఇచ్చామని యాజమాన్యం అంటుంది. నా మొదటి ఉత్తరం ఈ మూడు గుమ్మాల మధ్యే తిరిగి తిరిగి ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. అందుకే ఈసారి ముగ్గురినీ ఒకే ఉత్తరంలో పిలుస్తున్నాను. మీరు ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటే ఇందులో మూడు, నాలుగు, అయిదు, ఏడు అంశాలకు పెద్ద ఖర్చు కూడా ఉండదు.

తోటి తెలుగు శ్రోతలకు ఒక మాట. మీకు ఇలాంటివి జరిగి ఉంటే తేదీ, సీటు నంబరు, కట్టిన డబ్బు, తెర మీద కనిపించిన మొదటి ధర రాసిపెట్టుకోండి. స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. నా దగ్గర ఆ రెండో ధర ఉంది, మొదటిది లేదు, ఆ కంగారులో తీయడం తోచలేదు. బ్రిటన్‌లో ఉన్నవారు సీఎంఏకు కూడా రాయండి, ఒక్కొక్కరూ విడివిడిగా రాస్తేనే లెక్కలోకి వస్తుంది.

నిర్వాహకులారా, వచ్చే వసంతంలో మరో పాతతరం గిటారిస్టు సోలో పర్యటన ఉందని విన్నాం. టికెట్ల అమ్మకం మొదలవడానికి ముందే, పైన చెప్పిన ఒకటి, మూడు, నాలుగు అంశాల మీద మీ నిర్ణయం ఏమిటో బహిరంగంగా ప్రకటించమని కోరుతున్నాను. ఈసారి అన్నయ్యకూ నాకూ కలిపి రెండు టికెట్ల డబ్బు పక్కన పెట్టాను. అదే ధరకు రెండూ దొరకాలి.

ఇట్లు,
పై వరసలో కూర్చునే ఒక శ్రోత